ఎక్కితే కనబడదు: డార్జిలింగ్ బొగ్గింజను వెంట రెండు రోజులు

బెజవాడలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగేదాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు, ఒడిశా దాటాక టీ బాగుపడటం తప్ప. అక్కణ్ణించి కొండ మీదికి షేర్ జీపు. పది మందిని కుక్కితే గానీ కదలదు. మూడు గంటలు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి. డార్జిలింగ్ చిన్నబండి, అదే టాయ్ ట్రైన్‌లోనే పైదాకా పోవచ్చుగా అంటారేమో. 88 కిలోమీటర్లకి ఏడు గంటల పైనే పడుతుంది, పైగా దాన్ని లాగేది డీజిల్. బొగ్గింజను కోసం వచ్చినవాడికి అందులో పనిలేదు.

బొగ్గింజను నడిచేది జాయ్ రైడ్‌కి. డార్జిలింగ్ నుంచి ఘూమ్, మళ్లీ డార్జిలింగ్, మొత్తం రెండు గంటలు. స్టీమ్ టికెట్ రూ.1,500 పైమాటే. రానూపోనూ కలిపి 14 కిలోమీటర్లు ఉంటుందేమో, అంటే కిలోమీటరుకి వంద దాటింది. ఆ డబ్బుకి మనవైపు ఏసీలో రాత్రంతా పడుకుని ఇంకో రాష్ట్రంలో లేవొచ్చు. ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు స్టీమ్‌దో డీజిల్‌దో చూసి నొక్కండి. డీజిల్ చవక అని సంబరపడి నొక్కేసి, ప్లాట్‌ఫారం మీద మొహం వేలాడేసుకున్నవాళ్లు ఆ పొద్దున నలుగురు కనబడ్డారు.

ముందే తెలిసి ఉంటే బాగుండేది అనిపించిన సంగతి ఇంకోటుంది. బండి ఎక్కితే ఇంజను కనబడదు. ఇంజను కనబడాలంటే బండి ఎక్కకూడదు. రెండూ ఒకే టికెట్‌తో అయిపోతాయనుకుంటే రెండూ పాడవుతాయి. అందుకని ఒకరోజు రోడ్డు మీద, ఒకరోజు రైలుపెట్టెలో.

రోడ్డు రోజు ముందుగా. పట్టాలు హిల్ కార్ట్ రోడ్డుని ఆనుకుని, మధ్యమధ్య దాన్ని దాటుకుంటూ, కొట్ల గడపల పక్కనుంచే పోతాయి. బెజవాడ సత్యనారాయణపురంలో ఊరి మధ్యలోంచి రైలు పోయిన రోజులు చూసినవాళ్లకి ఇదేం వింత కాదు. కాకపోతే ఇక్కడ కొట్టతను బండి వస్తుంటే అరటిగెల లోపలికి జరుపుకుని, అది వెళ్లాక మళ్లీ బయట పెట్టుకుంటాడు. పెద్ద జూమ్ లెన్సు మోయక్కర్లేదు. 24-70 ఎం.ఎం. లెన్సు ఒక్కటి చాలు. వెనక్కి జరగడానికి చోటుండదు, ఇంజనే మీ మీదికి వస్తుంది.

ముందురోజు సాయంత్రం స్టేషన్ దగ్గరున్న షెడ్డు వైపు వెళ్లి, బయటి నుంచే, ఇంజను ముఖం ఎటుందో చూసుకోండి. ఘూమ్‌లో ఇంజన్ని విప్పి బండికి రెండో కొసన తగిలిస్తారు గానీ తిప్పరు. కాబట్టి ఒకవైపు పొగగొట్టం ముందుంటుంది, ఇంకోవైపు డ్రైవరు నిలబడే క్యాబ్ ముందుంటుంది. పొగగొట్టం ముందు పడే ఫొటో కావాలంటే ఎటు ప్రయాణంలో నిలబడాలో దీన్నిబట్టి తేలుతుంది.

పొగ మాత్రం ఎక్కుడులోనే. డార్జిలింగ్ 2,076 మీటర్లు, ఘూమ్ 2,258. పోయేటప్పుడు ఇంజను రొప్పుతూ లాగుతుంది. వచ్చేటప్పుడు సిలిండర్లకి ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూసి బ్రేకుల మీద దొర్లుకుంటూ వస్తుంది, పొగగొట్టం నుంచి పలచటి తీగ తప్ప ఏమీ రాదు. మధ్యాహ్నం ఎండలోనూ ఇదే గొడవ. తెల్లగా కనబడేది అసలు పొగ కాదు, చల్లగాలికి సన్నటి నీటితుంపరగా మారిన ఆవిరి. గాలి వెచ్చబడితే అది కనబడకుండానే కలిసిపోతుంది. నల్లపొగ వేరే, అది ఫైర్‌మేన్ కొత్తగా బొగ్గు వేసినప్పుడు. కాబట్టి పొద్దుటి బండే మేలు.

ఇక ఇంజను. బి క్లాస్ అంటారు, 1889లో మొదలైన రకం. నాలుగే చక్రాలు, నాలుగూ లాగేవే. మన బెజవాడ ఎలక్ట్రిక్ షెడ్డులో కనిపించే గూడ్సు ఇంజను వ్యాగ్-7 బరువు 123 టన్నులు. ఇది పదిహేను టన్నుల అటూ ఇటూ. బొగ్గూ నీళ్లూ మోసే టెండరు బండి వెనక ఉండదు. నీళ్లు బాయిలరు మీద జీనులా వేసిన ట్యాంకులో, బొగ్గు క్యాబ్ ముందున్న పెట్టెలో. ఉన్న బరువంతా చక్రాల మీదే పడితేగా పట్టు దొరికేది. పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లు, మన పెద్ద లైను 1,676.

ఇంత చిన్నదానికి ఎంతమంది మనుషులో! డ్రైవరు, ఫైర్‌మేన్ సరే. బొగ్గు పెట్టె మీద ఒకాయన కూర్చుని సుత్తితో పెళ్లలు పగలగొట్టి అందిస్తుంటాడు, ఎందుకంటే ఆ పొయ్యి నోట్లో పెద్ద పెళ్ల పట్టదు. ఇంజను మూతి దగ్గర ఇసుకవాళ్లు. కొండ ఫొటో ఎవరైనా తీస్తారు, ఈ చేతులు తీయండి.

ఇసుక ఎందుకో బజారులో కళ్లారా చూశాను. తెల్లారుజామున తుంపర పడింది. పట్టాలు రోడ్డు దాటే చోట జీపు టైర్ల బురద, నూనె కలిసి పట్టా మీద జారుగా పేరుకుపోతాయి. ఇంజను అక్కడికి వచ్చేసరికి ఛుక్... ఛుక్... అంటున్నది కాస్తా ఒక్కసారిగా కుట్టుమిషన్‌లా టకటకలాడింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి అక్కడే ఉంది. డ్రైవరు వెంటనే రెగ్యులేటర్ మూసేశాడు. మూయకపోతే ఆ విసురుకి పొయ్యిలో నిప్పు కూడా లేచిపోతుంది. ఇసుకాయన కిందికి దూకి, గుప్పెడు తీసి, ముగ్గు పోసినట్టు సన్నగా పట్టా మీద రాల్చుకుంటూ నడిచాడు. ఇసుక పొడిగా ఉండాలి. తడిస్తే ముద్దయి పక్కకి పడిపోతుంది, అందుకే గోతాం కింద దాచుకుంటారు. రెగ్యులేటర్ నెమ్మదిగా తెరిచాడు. ఒక ఛుక్. ఇంకోటి. కదిలింది. నా వెనక ఓ స్కూటరతను మాత్రం ఇదంతా అయ్యేదాకా హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఈ ఛుక్‌లకి లెక్కుంది, ఫొటోకి పనికొస్తుంది. చక్రం అడ్డకొలత 26 అంగుళాలు, అంటే ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు. రెండు సిలిండర్లు, ఒక్కోదాన్లో ఆవిరి ముందొకసారి వెనకొకసారి తోస్తుంది కాబట్టి చుట్టుకి నాలుగు ఛుక్‌లు. గంటకి పది కిలోమీటర్ల వేగంలో సెకనుకి ఐదు. అప్పటికి అన్నీ కలిసిపోయి ఒకే తెర అవుతుంది. విడివిడిగా బంతుల్లా లేచే ఆవిరి కావాలంటే బండి బయల్దేరే మొదటి పది మీటర్లలోనే. కాబట్టి స్టేషన్ కొసన గానీ, నీళ్లకి ఆగిన చోట గానీ నిలబడాలి.

బయల్దేరేటప్పుడు ఇంకోటి జరుగుతుంది. సిలిండర్లలో చేరిన నీళ్లు పోవడానికి కింద డ్రెయిన్ కాక్‌లు తెరుస్తారు. పక్కలకి తెల్లగా ఆవిరి చిమ్ముతుంది. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ లెన్సు చల్లగా ఉంటుంది, ఆవిరి తడిగా ఉంటుంది, అద్దం క్షణంలో మసకబారిపోతుంది. నాలుగు మీటర్లు ఎడంగా ఉండండి. చొక్కా అంచుతో తుడిచారో, పైనున్న బొగ్గు నుసి గీతలు పెట్టేస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత గుడ్డ. లెన్సు మార్చడం గదిలోనే.

వెలుతురు సంగతి: ఫ్రేమునిండా ఆవిరి ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ +0.7 పెట్టాలి. ఇంజను మూతి దగ్గరుండే నల్లటి స్మోక్‌బాక్స్ దగ్గరగా తీస్తే తిరగేసి -0.7. రా (RAW) ఫైలుగా తీస్తే తర్వాత బతిమాలుకోవచ్చు. ఆగినట్టు రావాలంటే షట్టరు 1/250 చాలు, ఇదేం వందే భారత్ కాదు. చక్రాల్ని తిప్పే కనెక్టింగ్ రాడ్ తిరిగినట్టు కనబడాలంటే 1/30తో బండితోపాటు కెమెరా తిప్పాలి. పదింట్లో రెండు వస్తే పండగే. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి.

రెండోరోజు పెట్టెలో. రెండు మూడు పెట్టెలే ఉంటాయి, చివరిది అడగండి. వంపుల్లో ఇంజను కాస్తయినా కంటపడేది అందులోంచే. అద్దం దింపితే నుసి, ఎత్తితే ఆవిరి పట్టిన మసక. నేను దింపాను. ఎదురు సీటులో పెద్దాయన నా సంచి మీద తెలుగు అక్షరాలు చూసి పలకరించారు.

"ఏ ఊరు బాబూ?"

"బెజవాడండీ."

"మాది గుంటూరు, బ్రాడీపేట. మాచర్ల మీటర్ గేజ్ బండి ఎక్కావా నువ్వు? ఎక్కుండవులే. ఆ రోజుల్లో కూడా ఇలాగే కంట్లో నుసి పడేది. అప్పుడు తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు పదిహేనొందలిచ్చి మరీ పడేసుకుంటున్నాం."

వాళ్లావిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "ఆయన మాటలకేం గానీ నాయనా, బతాసియా రాగానే మా ఇద్దరికీ ఓ ఫొటో తియ్యి. వెనకాల మంచుకొండ పడాలి" అన్నారు.

బతాసియా లూప్‌లో పది నిమిషాలు ఆపుతారు. ఎత్తు తట్టుకోవడానికి పట్టాలు తమ చుట్టూ తామే తిరిగి పైకెక్కే చోటు ఇది, 1919లో వేశారు. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం. ఆ పది నిమిషాల్లో ఇంజను ముందు మీకు ఖాళీ దొరకదు, ఆశ పెట్టుకోకండి. సెల్ఫీల జాతర. బండి తిరగడం తీయాలంటే రోడ్డు రోజునే ఇక్కడికి టాక్సీలో ముందొచ్చి కాచుకోవాలి. బండికన్నా టాక్సీ ముందొస్తుంది, ట్రాఫిక్ దయతలిస్తే. ఆ పూట కాంచనజంగ వైపంతా మబ్బే. గుంటూరు దంపతులకి మబ్బుతోనే తీశాను. "కొండేదీ?" అన్నారావిడ ఫోను చూసి. "వెనకాలే ఉందే, ముసుగేసుకుంది" అన్నారాయన.

ఘూమ్‌లో అరగంట దొరుకుతుంది. మ్యూజియంలో బేబీ సివోక్ అనే బుల్లి ఇంజను ఉంది, ఐదు నిమిషాలు చాలు దానికి. మిగతా సమయం ఇంజను మార్పిడికి ఉంచుకోండి. అందరూ మోమోల కోసం పోతారు, ప్లాట్‌ఫారం ఖాళీ. కప్లింగ్ విప్పే చేతులు, ఫైర్‌మేన్ పొయ్యి తలుపు తెరిచినప్పుడు మొహం మీద పడే ఎర్రటి వెలుగు, రెండు రోజుల్లో నాకు బాగా వచ్చినవి ఇక్కడివే. క్యాబ్ లోపల తీయాలంటే ముందు అడగండి. ఆ వెలుగు రెండు మూడు సెకన్లే, ఐఎస్‌ఓ 1600 పెట్టుకుని సిద్ధంగా ఉండాలి.

దిగుడులో ఫొటోలేమీ లేవు. పెద్దాయన నిద్రపోయారు.

తెల్లచొక్కా వేసుకుని మాత్రం వెళ్లకండి. పొగగొట్టంలోంచి మసి కలిసిన నీటిచుక్కలు పడతాయి. పడితే అక్కడే తడిపి రుద్దొద్దు, దారంలోకి దిగిపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, మిగిలింది బ్రష్‌తో పొడిగానే లాగి, తర్వాత సబ్బు పెట్టాలి. నాది బెజవాడ వచ్చాక రెండు ఉతుకులకి పోయింది. కాలర్ దగ్గరది ఇంకా ఉంది.