పప్పు ఉడకని నీళ్లలో మలావి చేపలు

శ్రీకాకుళంలో మా ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు పెడితే కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పప్పు పలుకుగానే ఉంటుంది. బిందె అడుగున తెల్లటి పొర కడుతుంది. వంటకి టిన్ను నీళ్లే తెచ్చుకుంటాం. ఇన్నేళ్లూ తిట్టుకున్న ఆ నీళ్లే ఆఫ్రికన్ సిక్లిడ్లనే అక్వేరియం చేపల మీద ఆశ పుట్టించాయి. వాటి సొంత ఊరు ఆఫ్రికాలోని మలావి సరస్సులో నీళ్లు క్షారం వైపు ఉంటాయి, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 అంటే మధ్యస్థం) 7.7 నుంచి 8.6 దాకా. మావీ అలాగే ఉంటాయనుకున్నాను.

జూన్: టెస్ట్ కిట్‌తో చూస్తే బోరు నీళ్లు పట్టగానే 7.4. ఉసూరుమనిపించింది. అయినా బకెట్లో ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి 8.0కి వచ్చింది. నేల లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటుంది, అది పోయాకే అసలు పీహెచ్ తెలుస్తుంది. అప్పటి నుంచి మార్చాల్సిన నీళ్లు ముందురోజే డ్రమ్ములో పట్టి గాలి పెడుతున్నాను. మాది బోరు కాబట్టి క్లోరిన్ గొడవ లేదు. కుళాయి నీళ్లు వాడేవాళ్లు యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యకుండా పొయ్యకండి.

ట్యాంకు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. నిండా పోస్తే దాదాపు 255 లీటర్లు. అంటే నీళ్ల బరువే పావు టన్ను, అందుకే ఇనుప స్టాండు, అద్దం కింద థర్మాకోల్ షీటు. నాగావళి ఇసుక ఒక బకెట్ తెచ్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగేసరికి నడుము పడిపోయింది.

రాళ్ల దగ్గర మాత్రం మనం అదృష్టవంతులం. మలావిలో రాళ్ల సందుల్లో బతికే ఈ రకాల్ని అక్కడ ‘ఎంబునా’ అంటారు, వీటికి గుహలు కావాలి. టెక్కలి వైపు గ్రానైట్ షెడ్డు బయట పారేసిన ముక్కలు 40 కేజీల దాకా ఏరుకొచ్చాను. గ్రానైట్ నీటి గుణాన్ని మార్చదు. పాలిష్ పెట్టినవి వద్దు, లోపల వంటింటి గట్టు పెట్టినట్టుంటుంది. గరుకు వైపున్నవి ఏరి, వాడి అంచులు అరగదీసి, సబ్బు తగలకుండా బ్రష్‌తో కడిగాను.

ఇక్కడే తప్పు చేశాను. ముందు ఇసుక పోసి దాని మీద రాళ్లు పేర్చాను. ఈ చేపలు పందికొక్కుల్లా తవ్వుతాయని చదివానే గానీ నమ్మలేదు. ఆగస్టులో ఒక రాత్రి ‘ఠక్’మని చప్పుడు. లైటు వేసి చూస్తే పై రాయి జారి అద్దానికి ఆనుకుని ఉంది. అద్దం పగల్లేదు గానీ నాకు చెమటలు పట్టాయి. మర్నాడే అంతా విప్పి, రాళ్లని పలచటి ప్లాస్టిక్ షీటు పరిచి నేరుగా అడుగున ఆనించి, ఆ తర్వాత ఇసుక పోశాను.

చేపలు వెయ్యకముందు 5 వారాలు ట్యాంకు ఖాళీగా నడిపాను. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో ఇంకా విషం, అందుకని తొందరపడలేదు. రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చి, ఆ విషాల్ని తినే బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా ఆగాను. అమ్మ అటుగా వెళ్లినప్పుడల్లా ఒకటే మాట: “ఏట్రా, చేపలొదిలేసి రాళ్లు పెంచుతున్నావేటి?”

జూలై ఆఖర్లో 8 ఎల్లో ల్యాబ్‌లు (పసుపు రంగు సిక్లిడ్లు), రకాలు కలిపి ‘మిక్స్‌డ్ ఆఫ్రికన్’ పేరుతో అమ్మే 6 పిల్లలు కొన్నాను. ఆ మిక్స్‌డ్ జోలికి పోకండి. నీలం చారల చేప ఒకటి అక్టోబరుకల్లా పసుపుపచ్చగా మారింది. జబ్బేమో అని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది కెన్యీ అనే రకంలో మగది, పెద్దయితే రంగు మార్చుకోవడం వాటి తీరు. పసుపు రంగులో ఇంకో చేప కనబడితే చాలు, తరిమి తోక చింపేది. రాళ్ల అమరిక మార్చి చూశాను, రెండు రోజులే తగ్గింది. చివరికి 6 అడుగుల ట్యాంకున్న స్నేహితుడికి ఇచ్చేశాను.

మేత స్పిరులినా (ఒక రకం నాచు) గుళికలు, రోజుకి రెండు పూటలు, నిమిషంలో అయిపోయేంతే. ముద్దుకొద్దీ బ్లడ్ వర్మ్స్ (ఎర్ర పురుగులు) వారం పాటు పెట్టినప్పుడు ఒక చేప పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. మళ్లీ వాటి జోలికి పోలేదు. వారానికి మూడో వంతు నీళ్లు మారుస్తున్నాను.

జనవరి: ఒక ఎల్లో ల్యాబ్ మేత ముట్టడం లేదు. గొంతు కింద సంచిలా ఉబ్బింది. మందు సీసా మూత కూడా తీశాను. ఆ క్షణంలో అది అద్దం దగ్గరికొచ్చి, ఏదో నములుతున్నట్టు దవడలు కదిపింది. సందులోంచి నారింజ రంగు గుడ్లు కనిపించాయి. సీసా పక్కన పెట్టేశాను. తల్లి వాటిని నోట్లోనే పొదుగుతుంది, మూడు వారాలు దాదాపు ఉపవాసమే.

16వ రోజు దాన్ని స్పాంజ్ ఫిల్టర్ ఉన్న చిన్న ట్యాంకులోకి మార్చాను. 22వ రోజు పొద్దున్న గ్రానైట్ ముక్కల మధ్య సెంటీమీటరు పొడవున్న పిల్లలు. తల్లిని వేరే చేసి మేత పెట్టి, బలం పుంజుకున్నాకే పెద్ద ట్యాంకులో వదిలాను.

పిల్లలకి గుళికలు పొడి చేసి మూడు పూటలు వేస్తున్నాను. నేను లెక్కపెడితే 16, అమ్మ లెక్కపెడితే 17. ఫోను టార్చి వేసి చూస్తే స్పాంజ్ కింద ఒకటి దాక్కుని ఉంది.