కొత్త డీ-మ్యాక్స్ వస్తే వీ-క్రాస్‌కేనా, మా ఎస్-క్యాబ్‌కీనా?

మా వైపు పికప్ నడిపేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ మధ్య ఒకటే మాట. ఇసుజు వాళ్ల కొత్త డీ-మ్యాక్స్ మన దేశానికి ఎప్పుడొస్తుంది, వస్తే ఎట్లా ఉంటుంది అని. నాకూ అదే ధ్యాస. మాది గూడూరు పక్కన నిమ్మతోట. మా నాయన కొన్న ఎస్-క్యాబ్ మీదే తోట పనంతా నడుస్తోంది. డీ-మ్యాక్స్‌లోనే సరుకు మోసే పనికి వాడే రకం అది. తెల్లారకముందే కాయ బస్తాలు మార్కెట్టుకి పోవాలి. వచ్చేటప్పుడు ఎరువు తేవాలి. బోరు మోటారు కాలితే దాన్ని వైండింగ్ షాపుకి మోసుకెళ్లాలి. ఇంట్లో వాళ్లు ఆస్పత్రికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా ఆ అయిదు సీట్లే గతి. ఆ బండి తయారయ్యే శ్రీసిటీ మా తోటకి గంటన్నర దూరం కూడా ఉండదు. హైవే ఎక్కి నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి తడ దగ్గర పక్కకి తిరిగితే వచ్చేస్తుంది. మన పక్కనే పుట్టే బండి కాబట్టి దాని రాబోయే రూపం గురించి చాన్నాళ్లుగా ఆలోచిస్తున్నా. ఆ అంచనాలన్నీ ఇక్కడ పెడుతున్నా.

ముందు బండి వయసు చూద్దాం. ఇప్పుడు మన షోరూముల్లో ఉన్న డీ-మ్యాక్స్ 2011లో థాయ్‌లాండ్‌లో విడుదలైన తరం. శ్రీసిటీ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ ఏడాదే డీ-మ్యాక్స్‌లో సొంతానికి కొనుక్కునే ఖరీదైన రకం వీ-క్రాస్ మనకొచ్చింది, అప్పట్లో చెన్నై ఎక్స్-షోరూం ధర 12 లక్షల 49 వేలు. అంటే మన చేతికి అందేసరికే దానికి దగ్గర దగ్గర అయిదేళ్లు. 2019 అక్టోబరులో థాయ్‌లాండ్‌లో పూర్తిగా కొత్త తరం వచ్చింది. ఛాసీ, క్యాబిన్, డాష్‌బోర్డు అన్నీ మార్చారు. 2023లో దానికీ ముఖం దిద్దారు. 2024 ఆఖర్లో 2.2 లీటర్ల కొత్త డీజిల్ ఇంజను పెట్టారు. మనకు మాత్రం పాత బాడీ మీదే మార్పులు జరుగుతూ వచ్చాయి. మొదట 2.5 లీటర్ల ఇంజను, తర్వాత 1.9 లీటర్లది, ఆటోమేటిక్ గేరు, బీఎస్6 కాలుష్య ప్రమాణం, కొత్త గ్రిల్లు, కొత్త సీట్లు. బాడీ మీద ఎన్ని హంగులు చేర్చినా లోపలున్నది 2011 నాటి నిర్మాణమే.

మరి ఇన్నేళ్లు ఎందుకు ఆగారు? పేపర్లో చదివినవీ, శ్రీసిటీ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో పనిచేసే మా ఊరి పిల్లలు అచ్చుల ఖర్చు గురించి చెప్పినవీ కలిపి చూస్తే నాకు తోచిన కారణం ఇది. మొదట్లో శ్రీసిటీలో ఎక్కువగా బిగింపు పనే. తర్వాత ప్రెస్ షాపు, ఇంజను బిగింపు కూడా అక్కడే పెట్టారు. బండి బాడీ రేకు ఊరికే వంగదు. డోరుకి ఒక అచ్చు, బానెట్‌కి ఒకటి, పక్క ప్యానెల్‌కి ఇంకొకటి కావాలి. ఒక్కో రేకుకి వరసగా నాలుగైదు అచ్చులు పట్టొచ్చు. ఒక తరం బాడీ మొత్తానికి అచ్చులు చేయించడమంటే కోట్లతో పని. ఆ డబ్బు తిరిగి రావాలంటే వేలకొద్దీ బళ్లు పోవాలి. మన దేశంలో సొంతానికి పికప్ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? కాబట్టి పాత అచ్చుల ఖర్చు రాబట్టుకునేదాకా కొత్తవి చేయించరు. వ్యాపారం చేసే ఎవరైనా అట్లాగే ఆలోచిస్తారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

కానీ ఇప్పుడు లెక్క మారిందని నా నమ్మకం. శ్రీసిటీ నుంచి గల్ఫ్ దేశాలకి ఎడమచేతి స్టీరింగ్ బళ్లు పోతున్నాయి. 2025లో ఆ ఫ్యాక్టరీ నుంచి లక్షో బండి బయటికొచ్చింది. ఇక్కడి అమ్మకాలకి ఎగుమతులు తోడైతేనే కొత్త అచ్చులకి దారి దొరుకుతుంది. ఒక ఫ్యాక్టరీలో రెండు తరాల బాడీలు ఎక్కువ కాలం పక్కపక్కన నడపడం కూడా ఖర్చుతో కూడిన పని. అందుకే కొత్త తరం మన దగ్గరికి వచ్చేది మన డిమాండు చూసి కాదు, ఎగుమతుల అవసరం కోసం అంటాను. ఎందుకొస్తేనేం, వస్తే చాలు.

ఇంకో ఆధారం కూడా ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన భారత్ మొబిలిటీ ఎక్స్‌పోలో ఇసుజు వాళ్లు ఎలక్ట్రిక్ డీ-మ్యాక్స్‌ని పెట్టారు. అంతకుముందు ఏడాది మార్చిలో బ్యాంకాక్ మోటార్ షోలో చూపించిన బండే అది. 66.9 కిలోవాట్ అవర్ బ్యాటరీ, ముందొక మోటారు, వెనకొక మోటారు, ఒక టన్ను బరువు మోసే శక్తి. చాలామంది బ్యాటరీ గురించే మాట్లాడుకున్నారు గానీ నేను చూసింది దాని బాడీని. అది కొత్త తరం బాడీ. దాన్ని ఢిల్లీదాకా తెచ్చి జనం ముందు పెట్టారంటే ఆ రూపానికి మన కళ్లు అలవాటు చేయాలన్న ఆలోచన లోపల ఉండే ఉంటుంది. ఎలక్ట్రిక్ బండి మాత్రం మా పనికి ఇప్పట్లో సరిపడదు. ఒకసారి చార్జి చేస్తే యూరప్ లెక్క ప్రకారం 263 కిలోమీటర్లు. గూడూరు నుంచి చెన్నై పోవడానికే సుమారు 140. కాయ బస్తాలతో పోయి అదే చార్జితో ఇంటికి రాలేం. చెన్నైలోని కోయంబేడు మార్కెట్టులో బస్తాలు దించుకునే సమయంలో చార్జి పెట్టుకునే వసతి వస్తే అప్పుడు చూడొచ్చు.

రూపం సంగతికొస్తే, మనకి 2019 నాటి ముఖం రాదు. ఆ మెట్టు దాటేసి నేరుగా 2023లో దిద్దిన ముఖమే వస్తుంది. ఎందుకంటే కొత్తగా అచ్చులు చేయించేవాడు నాలుగేళ్లు పాతబడ్డ బంపరుకి చేయించడు. పదునైన బానెట్, బంపరు అంచుల్లో గాలి పోయే సందులు, వెనక మూడు ముక్కలుగా కనిపించే లైట్లు. ఫొటోల్లో చూసినంతలో నాకు బాగా నచ్చింది. ఇంజను 2.2 లీటర్లదే అవుతుందని నా ఊహ. బలం 163 పీఎస్, ఇప్పుడున్న 1.9 అంతే. టార్కు, అంటే బరువు లాగే బలం మాత్రం 360 నుంచి 400 న్యూటన్ మీటర్లకి పెరుగుతుంది, అదీ 1600 ఆర్‌పీఎం దగ్గర్నుంచే అందుతుంది. తోట గట్టు మీంచి బరువుతో రోడ్డెక్కేటప్పుడు ఇంజను అరవకుండా లాగాలి, దానికి కావాల్సింది ఈ కింది టార్కే. పైగా ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. మా ఆవిడ కూడా బండి నడుపుతుంది. ఆటోమేటిక్ వస్తే మార్కెట్టు రద్దీలో క్లచ్చు తొక్కే బాధ ఉండదని తను ఇప్పట్నుంచే ఎదురుచూస్తోంది.

స్టీరింగ్ కూడా మారాలి. ఇక్కడి వీ-క్రాస్‌ది హైడ్రాలిక్. కొత్త తరానికి ఆస్ట్రేలియాలో 2020 నుంచే ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఇస్తున్నారు. తోటలో రెండు నిమ్మ వరసల మధ్య బండి తిప్పేవాడికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది. మా నాయనకి అరవై దాటాయి, ఇప్పటికీ బండి తనే తీస్తానంటాడు. ఆయన కోసమైనా ఇది రావాలి.

ఇంతవరకు చెప్పిందంతా వీ-క్రాస్ గురించి. అసలు బెంగ ఎస్-క్యాబ్ గురించే.

ఇసుజు పికప్ అంటే ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది వీ-క్రాస్. పెద్ద టైర్లు, ఫోర్ వీల్ డ్రైవ్, రంగురంగుల లైట్లు. పని చేసేది మాత్రం పసుపు బోర్డు ఎస్-క్యాబ్, దాని పక్కన ఒకే వరస సీట్లుండే రెగ్యులర్ క్యాబ్. వాటిలో ఉన్నది పాత 2.5 లీటర్ల ఇంజను, 78 పీఎస్, 176 న్యూటన్ మీటర్లు. నాయుడుపేటలో మా బండి చూసే మెకానిక్ అన్నకి ఆ ఇంజనంటే ప్రాణం. "ఈ ఇంజను బోల్టు ఏ మూల ఏది ఉండాదో కళ్లు మూసుకుని చెప్తా నాయనా. కొత్తది వచ్చిందంటే ముందు ల్యాప్‌టాప్ తగిలించాల, ఆ తర్వాతే స్పానరు పట్టుకోవాల" అంటాడు. ఆయన మాటలో నిజముంది. బీఎస్6 డీజిల్ బళ్లకి పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కాసేపు ఆగకుండా హైవే మీద పరుగెత్తాలి. తోట నుంచి మార్కెట్టు, మార్కెట్టు నుంచి తోట, రోజూ పది పన్నెండు కిలోమీటర్లు మెల్లగా తిరిగే బండికి ఆ వేడి అందదు. కొత్త ఇంజను ఏదొచ్చినా ఇట్లా తిరిగే రైతు బండిని దృష్టిలో పెట్టుకుని దాన్ని సరిచేయాలి. మసి నిండుతోందని ముందే చెప్పే గుర్తు డాష్‌బోర్డు మీద తెలుగువాడికీ అర్థమయ్యేలా కనిపించాలి. బండి నిలబెట్టి, మీట నొక్కి మసి కాల్చుకునే ఏర్పాటు చవక మోడల్‌కి కూడా ఇవ్వాలి.

ఇంజను పాతదే ఉంచినా నేను ఒప్పుకుంటా. బాడీ విషయంలో ఒప్పుకోను. 2019 తరం బాడీలో ఎక్కువ బలమున్న ఉక్కు వాడకం పెంచారు. 2020లో ఆస్ట్రేలియా భద్రతా సంస్థ ఏఎన్‌క్యాప్ ఆ బండికి అయిదు నక్షత్రాలు ఇచ్చింది. ముందు కూర్చున్న ఇద్దరి తలలు ఒకదానికొకటి కొట్టుకోకుండా మధ్యలో విచ్చుకునే ఎయిర్‌బ్యాగు కూడా అందులో ఉంది. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ నడుస్తోంది, అయితే అది ప్రయాణికుల కార్లకే. సరుకు బండిగా లెక్కకొచ్చే పికప్‌కి నక్షత్రాల పరీక్షే లేదు. అంటే గట్టి బాడీ ఇమ్మని కంపెనీని ఎవరూ నెట్టరు. ధర కోసం వీ-క్రాస్‌ని మాత్రమే కొత్త తరానికి మార్చి, ఎస్-క్యాబ్‌ని పాత అచ్చుల మీదే ఇంకో అయిదారేళ్లు లాగే అవకాశం కచ్చితంగా ఉంది. నా భయమంతా అదే.

ఆలోచించండి. వీ-క్రాస్ చాలాసార్లు ఒక మనిషితోనో ఇద్దరితోనో తిరుగుతుంది. ఎస్-క్యాబ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి అయిదుగురు కూలీలు నిద్రకళ్లతో కూర్చుని ఉంటారు. లారీలు ఆగి ఉండే హైవే మీద, పొగమంచులో. మా చిన్నాన్న కొడుకు మేనకూరు దగ్గర అలాంటి వేళలోనే ఆగి ఉన్న ట్రాలీని గుద్దాడు. బండి ఏ కంపెనీదో చెప్పాల్సిన పనిలేదు. కాలు పోలేదు, అదే మా అదృష్టం. ఆ రోజు నుంచి బండి కొనేటప్పుడు మైలేజీ తర్వాత, బాడీ ముందు అంటాను. గట్టి రేకు ఎక్కువమంది ఎక్కే బండికే ముందు రావాలి.

తొట్టి గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతా. కొత్త తరాలు వచ్చే కొద్దీ పికప్‌లు ఎత్తు పెరుగుతున్నాయి, తొట్టి అంచులు కూడా. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ నిమ్మకాయ బస్తా ఎత్తే మనిషి భుజం ఎత్తు పెరగదు కదా. వెనక తలుపు దించితే నడుము దగ్గరికి రావాలి, దాని మీద ఇద్దరు నిలబడినా గొలుసు ఊగకూడదు. తాడు కట్టుకునే కొక్కేలు లోపలే కాదు, బయట వైపు కూడా ఉండాలి. మార్కెట్టులో టార్పాలిన్ కప్పి కట్టేది బయటి నుంచే.

పోటీ కూడా మంచి చేస్తుందనుకుంటున్నా. టొయోటా హైలక్స్ 2022లో మన దగ్గరికి వచ్చింది. 2025 నవంబరులో దాని కొత్త తరాన్ని థాయ్‌లాండ్‌లో చూపించారు. మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో స్కార్పియో-ఎన్ ఆధారంగా చేసిన పికప్ నమూనాని బయటపెట్టారు. అది మామూలు ధరకి మన రోడ్డెక్కిందంటే ఇసుజు వాళ్లు పాత బాడీతో కూర్చోలేరు. రైతు ఇంట్లో బొలెరో క్యాంపర్‌ని తప్పించి ఇంకో బండి నిలబడాలంటే రెండు మూడు లక్షల తేడా కూడా పెద్దదే. హైలక్స్ ధర ముప్ఫై లక్షల చుట్టూ తిరుగుతోంది, దాన్ని కాయ బస్తాల కోసం కొనేవాళ్లు మా మండలంలో నాకు కనపడలేదు.

తేదీ అడిగితే, వీ-క్రాస్ కొత్త రూపం 2027 దాటదని నా నమ్మకం. నా భయం నిజం కాకపోతే ఎస్-క్యాబ్‌కి దాని వెనక ఇంకో ఏడాది పట్టొచ్చు. ఆలోపు మా బండికి వెనక కమాన్‌పట్టీలు మార్పించి, తొట్టికి కొత్త రేకు వేయిస్తున్నాం. షోరూములో కొత్త ఎస్-క్యాబ్ కనిపించిన రోజు మా నాయన్ని తీసుకుని పోతా. ఆయన స్టీరింగ్ తిప్పి చూస్తాడు. నేను వెనక్కి పోయి తలుపు దించి, దాని ఎత్తు కొలుచుకుని, ఆ తర్వాత డోరు మీద వేలితో కొట్టి చూసి, ఇది ఏ తరం బాడీ అని సేల్స్ అబ్బాయిని అడుగుతా. జవాబు సూటిగా వస్తే అక్కడే అడ్వాన్సు కట్టేస్తాం.