టర్కిష్‌లో ఆయాసాన్ని కొలవడం

సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో గాలి గొట్టాలు ఎంత మూసుకుపోయాయో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే పరీక్ష, చెబుతుంది. ఆ జబ్బుతో రోజు గడవడం రోగికి ఎంత భారమైందో మాత్రం అది చెప్పదు. పరీక్షలో ఒకే ఫలితం వచ్చిన ఇద్దరిలో ఒకరు బజారుకు వెళ్ళి సరుకులు తెచ్చుకుంటుంటే, మరొకరు స్నానానికి లేవడానికే వెనకాడుతుంటారు. ఆ తేడాను పట్టుకోవడానికి లండన్‌లో పాల్ జోన్స్ బృందం 1992లో 50 ప్రశ్నల సెయింట్ జార్జ్ శ్వాస ప్రశ్నావళిని, 2009లో ఎనిమిదే ప్రశ్నల క్యాట్‌ను (సీఓపీడీ అసెస్‌మెంట్ టెస్ట్) తీసుకొచ్చింది. క్యాట్‌లో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 దాకా, మొత్తం మీద 40 దాకా మార్కులుంటాయి. మార్కులు పెరిగేకొద్దీ భారం ఎక్కువని లెక్క. టర్కీలో క్యాట్ అనువాదపు విశ్వసనీయతను, ప్రామాణికతను పరీక్షించిన అధ్యయనం 2012లోను, సెయింట్ జార్జ్ ప్రశ్నావళిది 2013లోను వెలువడ్డాయి.

ఇటువంటి పనికి స్థిరపడిన పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, నిపుణులు పోల్చి చూస్తారు, ఆపైన కొందరు రోగుల చేత చదివించి ఒక్కో ప్రశ్నను వారు ఎలా అర్థం చేసుకున్నారో అడుగుతారు. లెక్కల దశ ఆ తర్వాతే మొదలవుతుంది. ప్రశ్నలన్నీ ఒకే దిశలో సాగుతున్నాయా అన్నది క్రోన్‌బాక్ ఆల్ఫా అనే గణాంకం చూపుతుంది. జబ్బు నిలకడగా ఉన్న రోగి కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ జవాబిస్తే అదే ఫలితం వస్తుందా అన్నది పునఃపరీక్ష తేలుస్తుంది.

ఆల్ఫా 0.70 దాటితే చాలంటారు, 0.90 వస్తే సంబరపడతారు. నాకు ఆ సంబరం అర్థం కాదు. ఒకే సంగతిని నాలుగు రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా పెరుగుతుంది. అలాగే ప్రశ్నావళి మార్కులకు ఎఫ్‌ఈవీ1తో, అంటే స్పైరోమెట్రీలో మొదటి సెకనులో ఊదిన గాలి కొలతతో, సంబంధం బలహీనంగా వచ్చినప్పుడు కొందరు రచయితలు సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రాస్తారు. నిజానికి ఆ సంబంధం మరీ బలంగా వచ్చినప్పుడే అనుమానించాలి. ఊదించి తెలుసుకోగలిగినదాన్ని మళ్ళీ ఎనిమిది ప్రశ్నలతో అడగడమెందుకు?

అసలు చిక్కంతా రోగుల చేత చదివించి చూసే దశలో ఉంటుంది, వ్యాసాల్లో దానికి దక్కేది మాత్రం సాధారణంగా ఒక్క పేరా. సెయింట్ జార్జ్ ప్రశ్నావళి తోటపని, మంచును పారతో ఎత్తిపోయడం, గోల్ఫ్, టెన్నిస్ వంటి పనుల గురించి అడుగుతుంది. తూర్పు టర్కీలోని చలి నగరం ఎర్జురూమ్‌లో మంచు ఎత్తడం గురించి ఎవరికీ వివరించనక్కర్లేదు, కానీ ఆ చుట్టుపక్కల పల్లెలో గోల్ఫ్ ప్రస్తావన దేన్నీ కొలవదు. వంగినప్పుడు ఆయాసం వస్తుందా అన్న ప్రశ్న మాత్రం అక్కడ లండన్‌లో కన్నా లోతుగా తగులుతుంది, ఎందుకంటే నమాజు చేసే వృద్ధుడు రోజుకు ఎన్నోసార్లు నేలకు వంగి లేవాలి.

ఎవరిని అడుగుతున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దక్షిణ టర్కీలోని అదనా నగరంలో జరిగిన బోల్డ్ అధ్యయనంలో (సీఓపీడీ ఎంతమందికి ఉందో పలు దేశాల్లో లెక్కించిన సర్వే ఇది) 40 ఏళ్ళు, ఆపై వయసు వారిలో సుమారు 19 శాతం మందికి సీఓపీడీ ఉన్నట్టు తేలింది. పొగతాగే పురుషులు అందులో ఎక్కువే, కానీ టర్కీ ఆసియా భాగమైన అనటోలియా పల్లెల్లో పిడకలతో వంట చేసి, తందూరు పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తూ ఏళ్ళ తరబడి పొగ పీల్చిన స్త్రీలకూ ఇదే జబ్బు వస్తుంది. పెద్ద నగరపు బోధనాసుపత్రికి వచ్చినవారినే తీసుకుంటే ఈ స్త్రీలు లెక్కలోకి రావడం తక్కువ. వచ్చినా, చదువురాని వృద్ధురాలికి ప్రశ్నను ఎవరో చదివి వినిపించాలి. చదివేది కోడలైతే, ఇంటి పనుల్లో తన ఇబ్బంది గురించి ఆ అత్తగారు నిజమే చెబుతుందని ఎలా అనుకోగలం? నర్సు అడిగితే వచ్చే జవాబు వేరు, రోగి తానే టిక్కు పెడితే వచ్చేది వేరు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో కలిపేసిన చోట పునఃపరీక్ష ఫలితం ఎంత చక్కగా ఉన్నా నేను ఆగి చదువుతాను. ఆగ్నేయ టర్కీలో తల్లిభాష కుర్దిష్ అయిన వృద్ధ స్త్రీల దాకా టర్కిష్ అనువాదం ఎంత బాగున్నా పూర్తిగా చేరదు.

ఇంత పట్టింపు ఎందుకంటే ఈ మార్కులు పరిశోధన కాగితాలకే పరిమితం కావు. సీఓపీడీ చికిత్సకు అంతర్జాతీయంగా వాడే గోల్డ్ మార్గదర్శకాలు క్యాట్‌లో 10ని గీతగా పెట్టి, జబ్బు ఉన్నట్టుండి విషమించే ముప్పు తక్కువగా ఉన్న రోగులను ఎ, బి వర్గాలుగా విడదీస్తాయి. మందు ఎంపిక ఆ వర్గాన్ని బట్టి ఉంటుంది. టర్కిష్ క్యాట్‌లో 9 వచ్చిన పల్లె స్త్రీకీ, ఇంగ్లీషు క్యాట్‌లో 9 వచ్చిన లండన్ పురుషుడికీ భారం సమానమేనా అన్నది ఆల్ఫా చెప్పదు, పునఃపరీక్షా చెప్పదు. ఒకే స్థాయి భారం ఉన్న స్త్రీపురుషులు, పల్లె పట్నం వాసులు ఒక్కో ప్రశ్నకు ఒకేలా మార్కులు ఇస్తున్నారో లేదో ప్రశ్నవారీగా విశ్లేషించాలి, దానికి పెద్ద నమూనా కావాలి, అందులో పిడకల పొగ పీల్చినవారు తగినంతమంది ఉండాలి. కొత్తగా ఏ శ్వాసకోశ ప్రశ్నావళిని టర్కిష్‌లోకి తెచ్చినా నేను ముందుగా వెతికేది ఆ విశ్లేషణ పట్టికనే.