వెలుతురు పడని కన్ను

ఎర్రబడిన కన్ను చూడగానే మొదటి డాక్టరు "కళ్లకలకే, తగ్గిపోతుంది" అన్నారు. వెలుతురు చూడలేకపోతున్నానండీ అంటే, "ఫోన్ తగ్గించండి" అని నవ్వారు. ఆ నవ్వు మీద కోపం ఇంకా చల్లారలేదు. కళ్లకలకైతే పుసి కడుతుంది, దురద పెడుతుంది. నాకు ఉన్నదల్లా కంటి లోలోపల పోటు, మసక.

ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ వణుకే. లైట్లన్నీ ఆర్పేసి, నొప్పి కంటి మీద మడిచిన గుడ్డ అదిమి పట్టుకుని పడుకున్నాను. మా ఆయన మంచినీళ్లు తెచ్చి, చీకట్లో దారి కనపడక ఫోన్ లైటు వేశారు. వెలుతురు పడింది బాగున్న కంట్లో. పోటు పొడిచింది మూసి ఉన్న కంట్లో! జబ్బు రెండో కంటికీ పాకిందనీ, చూపు పోతోందనీ ఏడ్చేశాను. పక్క గదిలోంచి అత్తయ్య, "లైటు వేస్తేనే ఇంత గొడవా?" అన్నారు.

మర్నాడు వేరే డాక్టరమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ ఆసాంతం విన్నారు. మిషన్‌కి గడ్డం ఆనించమని చూసి, ఐరైటిస్ అన్నారు. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ వాచిందట. ఏ కంట్లో వెలుతురు పడినా రెండు కనుపాపలూ ఒకేసారి ముడుచుకుంటాయి, వాచిన వైపు ఆ కదలికకే నొప్పి పుడుతుంది. నాది నాటకం కాదని తేల్చిన ఆవిడకి దండం పెట్టాలనిపించింది. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోతుందా అని కూడా అడిగారు. వెన్నెముక కీళ్లవాతానికీ దీనికీ సంబంధం ఉంటుందట, ఆ వాతంతో ముడిపడ్డ హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు ఉందేమో చూసే రక్తపరీక్ష రాశారు.

వాపుకి స్టెరాయిడ్ చుక్కలు, ఐరిస్ వెనక లెన్సుకి అతుక్కోకుండా అట్రోపిన్ చుక్కలు. అట్రోపిన్‌తో కనుపాప పెద్దదై వెలుతురు ఇంకా ఎక్కువ లోపలికి వస్తుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. మందు ప్రభావం తగ్గాక అదే సర్దుకుంటుంది, టెన్షన్ పడకండి. ఎరుపు పోయింది కదా అని స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, వాపు తిరగబెడుతుంది. స్టెరాయిడ్ వల్ల కంట్లో ప్రెషర్ పెరగొచ్చు కాబట్టి మధ్యమధ్యలో చూపించుకోవాలి.

నల్లద్దాలు ఎండలోకే. ఇంట్లో కూడా రోజంతా పెట్టుకుంటే కన్ను చీకటికి అలవాటుపడి మామూలు వెలుతురునీ ఓర్చుకోదు. మా ఆయన టేబుల్ లైటుని గోడవైపు తిప్పి పెట్టారు, నేను రోజుకింత కర్టెన్ జరుపుకుంటూ వచ్చాను.

దేవుడి దయ, చూపు నిలబడింది. మీకెవరికైనా ఎర్రటి కంటితో పాటు లోపల పోటు, మసక ఉండి వెలుతురు పడకపోతే, మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోకండి. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, బాగున్న కంట్లో లైటు పడ్డా ఎర్రబడిన కన్ను నొప్పెడుతోందేమో గమనించి ఆ మాట విడమర్చి చెప్పండి.