జర్మన్ పౌరసత్వం: నా అనుభవం

జర్మనీలో ముస్లిం వలసదారుల మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి రెండు ప్రశ్నల దగ్గరికి చేరుతుంది. వీళ్లు ఈ దేశానికి కట్టుబడి ఉంటారా? ఇక్కడి సమాజంలో కలుస్తారా? ఇస్లాం కూడా జర్మనీకి చెందినదేనని 2010 అక్టోబర్ 3న అప్పటి అధ్యక్షుడు క్రిస్టియాన్ వుల్ఫ్ అన్నారు. 2018లో హోంమంత్రి పదవిలోకి వస్తూనే హోర్స్ట్ జేహోఫర్ కాదన్నారు. ఈ మాటలన్నీ విని పౌరసత్వానికి దరఖాస్తు పెట్టబోయే మన ముస్లింలు, ఆఫీసులో తమ మతాన్నే బోనులో నిలబెడతారేమోనని బెంగపడుతుంటారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి స్టట్‌గార్ట్ ప్రాంతంలో ఉంటూ ఈ దారి దాటినవాడిగా చెబుతున్నాను: చట్టం అడిగేది టీవీ చర్చల్లో వినబడేదానికన్నా చాలా తక్కువ. ఎక్కడిదాకా అడగవచ్చో దానికి హద్దులూ ఉన్నాయి.

ముందు అర్హత. 2024 జూన్ 27 నుంచి ఐదేళ్ల చట్టబద్ధ నివాసం చాలు, అంతకుముందు ఎనిమిదేళ్లు కావాల్సి వచ్చేది. బాగా కలిసిపోయినవాళ్లకని పెట్టిన మూడేళ్ల దారిని 2025 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఆరు నెలల లోపు ఇండియా వెళ్లొస్తే లెక్క తెగదు. స్టూడెంట్‌గా గడిపిన కాలం కలుస్తుంది కానీ, ఇంకా చదువు పర్మిట్ మీదే ఉంటే కుదరదు. బ్లూ కార్డు (ఉన్నత చదువు ఉన్న ఉద్యోగులకిచ్చే పర్మిట్), శాశ్వత నివాసం వంటిది చేతిలో ఉండాలి. సొంత సంపాదన, బీ1 స్థాయి (రోజువారీ వ్యవహారాలకు సరిపడే మధ్యస్థ స్థాయి) జర్మన్, శిక్షలు లేని రికార్డు ఉండాలి. ఫీజు పెద్దవాళ్లకు 255 యూరోలు. తల్లిదండ్రులతో పాటే తీసుకునే, సొంత ఆదాయం లేని పిల్లలకు 51.

మనవాళ్లకు అసలు చిక్కు కాగితాల్లో వస్తుంది. ఆంధ్ర ముస్లింల పేర్లు జర్మన్ ఫారంలోని రెండు గడుల్లో ఇమడవు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్‌కే. మస్తాన్ వలి’ అని ఉంటుంది, పాస్‌పోర్టులో షేక్ ఇంటిపేరుగా ఉంటుంది, జనన ధ్రువీకరణలో షేక్‌కు స్పెల్లింగ్ ఇంకోలా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. చట్టం కోరే మొట్టమొదటి షరతు గుర్తింపు రుజువు కావడం కాబట్టి, ఈ తేడాలు తేలేదాకా ఫైలు ముందుకు కదలదు. పాస్‌పోర్టులో ఉన్న రూపాన్నే ఆధారంగా పెట్టుకుని, మిగతా కాగితాలను దానికి సరిచేయించుకోండి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో జనన నమోదే లేకపోతే, నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకుని టెన్త్ సర్టిఫికెట్‌తో జతచేయాలి. పౌరసత్వం వచ్చాక పేరు జర్మన్ చట్టం కిందికి వస్తుంది. అప్పుడు స్టాండెసామ్ట్‌లో, అంటే జనన మరణ వివాహాల రిజిస్ట్రారు దగ్గర, ఏది సొంత పేరు, ఏది ఇంటిపేరు అని ఒకసారి ప్రకటించి స్థిరపరుచుకోవచ్చు. పిల్లలకూ అదే ఇంటిపేరు నడుస్తుంది కనుక తొందరపడకుండా ఇంట్లో మాట్లాడుకుని వెళ్లాలి.

అపోస్టిల్ కోసం, అంటే కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర కోసం, డబ్బు తగలేయకండి. హేగ్ ఒప్పందంలో భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకే మన అపోస్టిల్ ఇక్కడ చెల్లదు. కాగితం మీద అనుమానం వస్తే ఆఫీసు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ ద్వారా విచారణ చేయిస్తుంది. వాళ్లు నియమించిన న్యాయవాది మీ ఊరి రికార్డు చూసి నివేదిక ఇస్తాడు. ఖర్చు మనదే, నెలలు పడుతుంది.

పెళ్లి కాగితం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఖాజీ రాసిన ఉర్దూ నిఖానామా ఒక్కటే పెట్టకండి. తెలంగాణలో వక్ఫ్ బోర్డు వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. ఆంధ్రలో 2002 నాటి వివాహాల తప్పనిసరి నమోదు చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఇక్కడ ప్రమాణం చేసిన అనువాదకుడితోనే జర్మన్‌లోకి మార్పించాలి. ఒకేసారి ఒకరికి మించి భార్యలుంటే పౌరసత్వం రాదని చట్టంలోనే ఉంది. కాబట్టి మొదటి పెళ్లి తలాక్‌తోనో, భార్య కోరగా జరిగే ఖులాతోనో ముగిసి ఉంటే, అది ముగిసినట్టు రాతపూర్వక రుజువు తప్పనిసరి. నోటిమాటగా పెద్దల ముందు తెగిపోయిన పెళ్లి, జర్మన్ అధికారి కళ్లకు ఇంకా సాగుతున్న పెళ్లే.

పౌరసత్వ పరీక్ష తేలికే. 33 ప్రశ్నలు, ఒక్కో దానికి నాలుగు జవాబులు, గంట సమయం, 17 సరైతే పాస్. ఫీజు 25 యూరోలు. 300 ఉమ్మడి ప్రశ్నలు, మీ రాష్ట్రానికి చెందిన 10 ముందే ప్రచురించి ఉంటాయి, బయటివి రావు. 2024లో యూదుల జీవితం, ఇజ్రాయెల్ మీద కొత్త ప్రశ్నలు చేర్చారు. యూదుల మక్కాబీ క్రీడా క్లబ్బుల్లో ఎవరు చేరవచ్చు (ఎవరైనా), హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల సామూహిక హత్య) జరగలేదనడానికి శిక్ష ఏమిటి వంటివి. పాత పుస్తకాలతో చదివితే ఇవి దొరకవు.

ఇక విధేయత. ఇక్కడ రెండు ప్రకటనలు సంతకం చేయాలి. మొదటిది రాజ్యాంగం చెప్పే స్వేచ్ఛా ప్రజాస్వామ్య వ్యవస్థకు కట్టుబడి ఉంటానని. 2024లో చేరిన రెండోది నాజీల అన్యాయానికి జర్మనీ మోస్తున్న చారిత్రక బాధ్యతను, ముఖ్యంగా యూదుల జీవితానికి రక్షణను, దేశాల శాంతియుత సహజీవనాన్ని, దురాక్రమణ యుద్ధంపై నిషేధాన్ని అంగీకరిస్తున్నానని. అధికారి వీటి అర్థం అడగవచ్చు. బట్టీ పట్టిన వాక్యం చాలదు. ఓటుతో ప్రభుత్వాన్ని మార్చగలగడం, ప్రతిపక్షానికి హక్కు, స్వతంత్ర న్యాయస్థానాలు, స్త్రీ పురుషుల సమానత్వం, మతం మారే లేదా వదిలేసే స్వేచ్ఛ, వీటిని సొంత జర్మన్‌లో ఉదాహరణతో చెప్పగలగాలి. గాజా మీద ఏ అభిప్రాయం ఉన్నా, ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించడం వేరు, యూదులను ద్వేషించడం వేరు. ఫేస్‌బుక్‌లో పంచుకున్న పోస్టులు కూడా అధికారి ముందుకు రాగలవు కనుక ఆ తేడా మీ రాతల్లోనూ కనబడాలి.

ఈ ప్రశ్నలు ఒకప్పుడు చాలా వంకరగా ఉండేవి. స్టట్‌గార్ట్ ఉన్న మా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలోనే 2006 జనవరి 1 నుంచి అధికారులకు 30 ప్రశ్నల పట్టిక ఇచ్చారు. ఇస్లామిక్ సహకార సంస్థలోని 57 దేశాల నుంచి వచ్చినవాళ్లే దాని గురి. భారత్ ఆ సంస్థలో లేదు. పెద్దయిన కొడుకు స్వలింగ సంపర్కినని చెబితే ఏం చేస్తావు, సెప్టెంబర్ 11 దాడి చేసినవాళ్లు నీ దృష్టిలో ఉగ్రవాదులా స్వాతంత్ర్య యోధులా, ఇలా ఉండేవి. ‘ముస్లిం పరీక్ష’ అని దానికి పేరు పడింది. 2011లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. నా మట్టుకు నాకు అది తప్పుగానే తోస్తుంది. ఏ పనీ చేయని మనిషిని మతాన్ని బట్టి అనుమానించడమది. ఇప్పటి ప్రకటనలు అందరికీ ఒకటే, క్రైస్తవుడైన బ్రెజిల్ మనిషి కూడా అదే కాగితం మీద సంతకం పెడతాడు. ఆ సమానత్వం ఉన్నంతవరకు ప్రమాణం అడగడంలో నాకు అభ్యంతరం లేదు.

సంతకం తర్వాత, పదహారేళ్లు దాటిన ప్రతి దరఖాస్తుదారు వివరాలూ రాజ్యాంగ రక్షణ విభాగమైన ఫెర్‌ఫాసుంగ్స్‌షుట్జ్‌కు వెళ్తాయి. ఉగ్రవాద లేదా రాజ్యాంగ వ్యతిరేక సంస్థల్లో ఉన్నారా అని ఫారం అడుగుతుంది. బవేరియాలో అయితే సంస్థల పెద్ద జాబితానే ఇస్తారు. మనవాళ్లకు ఒక హెచ్చరిక: ఆ విభాగం వార్షిక నివేదికల్లో ముస్లింలలో మత ప్రచారం చేసే తబ్లీగీ జమాత్ పేరు వస్తూ ఉంది. ఊళ్లో మసీదు నుంచి మూడు రోజులకో, నలభై రోజుల చిల్లాకో వెళ్లొచ్చినవాళ్లు మనలో ఎందరో. అడిగితే దాచకండి. ఎప్పుడు, ఎక్కడికి, ఏ బాధ్యతలో వెళ్లారో ఉన్నదున్నట్టు చెప్పండి, అవసరమైతే ముందే న్యాయవాదిని కలవండి. తెలిసే తప్పుడు వివరం ఇచ్చి పౌరసత్వం పొందినట్టు తేలితే పదేళ్ల లోపు దాన్ని రద్దు చేయవచ్చు, మనిషి ఏ దేశానికీ చెందకుండా పోతాడన్నది సాధారణంగా అడ్డురాదు. భారత పౌరసత్వం అప్పటికే పోయి ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు నిజం చెప్పడానికి.

దరఖాస్తు పెట్టిన మూడు నెలల దాకా తగిన కారణం లేకుండా ఏ నిర్ణయమూ రాకపోతే పరిపాలనా న్యాయస్థానంలో జాప్యంపై దావా వేసే హక్కు ఉంది. అయితే ఫైలు పూర్తిగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఒక్క కాగితం తక్కువైనా ఆలస్యానికి ఆఫీసుకు కారణం దొరికినట్టే. 2024లోనే దాదాపు 2,92,000 మంది జర్మన్లయ్యారు, రద్దీ అంతలా ఉంది.

చివరి అడుగు పౌరసత్వ పత్రం చేతికివ్వడం. రాజ్యాంగాన్ని, చట్టాలను గౌరవిస్తాననీ, దేశానికి హాని కలిగించే పని ఏదీ చేయననీ పైకి చదవాలి. అందులో దేవుడి ప్రస్తావన లేదు, మన ఈమాన్‌కు (విశ్వాసానికి) అడ్డొచ్చే మాటా లేదు. చిక్కు షేక్‌హ్యాండ్ దగ్గర రావచ్చు. పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న లెబనాన్ డాక్టరు ఒకరు 2015లో పత్రం ఇస్తున్న మహిళా అధికారితో చేయి కలపలేదు, ఆమె పత్రం వెనక్కి తీసుకుంది. స్త్రీ అన్న కారణంతో చేయి ఇవ్వకపోవడం ఇక్కడి జీవన విధానంలో ఇమడకపోవడమేనని 2020లో మాన్‌హైమ్ ఉన్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చింది. ఏళ్ల తరబడి రోగులను చూసిన మనిషిని ఒక్క క్షణంతో కొలవడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ తీర్పు తీర్పే. మీ అలవాటు అదైతే ముందే ఆలోచించుకుని వెళ్లండి. డెన్మార్క్‌లోనైతే 2019 నుంచి షేక్‌హ్యాండ్ చట్టంలోనే ఉంది.

పత్రం చేతికి రాగానే 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలు ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు. పాత పాస్‌పోర్టుతో ప్రయాణిస్తే నేరం కనుక కొత్త కాగితాలు వచ్చేదాకా ఇండియా టికెట్లు కొనకండి. జర్మన్ పాస్‌పోర్టు, ఆపైన మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్ పరిధిలో పాత పాస్‌పోర్టు అప్పగింత, తర్వాత వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) గానీ, ఇదే వరుస. ఓసీఐతో ఓటుండదు, పొలం కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. హైదరాబాద్ కుటుంబాలు ఇంకోటి చూసుకోవాలి: తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనా ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ ఇవ్వరు. చిన్నాన్నో మేనమామో కరాచీలో స్థిరపడి ఉంటే ఆ నిబంధన మీకు తగలదు.