సాయంత్రం ఆరు గంటలు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అని వైన్స్ మూశారు. ఆ రాత్రికే లాక్‌డౌన్ అన్నారు. హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా రోజూ తాగుతున్న నాకు ఇంట్లో మిగిలింది ఒక్క క్వార్టర్. తెల్లారేసరికి అదీ అయిపోయింది.

చేతులు వణుకు, చెమటలు, కంటి మీద కునుకు లేదు. గోడ మీద చీమలు బారులు తీరాయని మా ఆవిడకు చూపించాను. అక్కడేమీ లేవు. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చి పడిపోయాను. మనసు గట్టి చేసుకుంటే మానేయొచ్చని చుట్టాలంతా చెప్పేవాళ్లు. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే ప్రాణాల మీదికి వస్తుందని డాక్టరుగారు చెబితేనే తెలిసింది. గ్లూకోజ్ ఎక్కించే ముందే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత లిబ్రియం మాత్రలు, రోజురోజుకీ డోసు తగ్గిస్తూ. వణుకు పోయింది.

సాయంత్రం ఆరు మాత్రం పోలేదు. ఆ వేళకు నోరు ఎండేది, కాలు ఒకచోట నిలిచేది కాదు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే గ్రూపు గురించి డాక్టరుగారే చెప్పారు. 1935లో అమెరికాలో తాగుడుకు బానిసలైన ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టారట. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. లాక్‌డౌన్ కాబట్టి మీటింగ్ జూమ్‌లో. కెమెరా ఆపేసి విన్నాను. ఒకాయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టిన సంగతి చెబుతున్నాడు. నేనూ పెట్టాను. ఇన్నేళ్లూ అంత పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

మే 6న షాపులు తెరిచారు. వెళ్లి లైన్లో నిలబడ్డాను. గ్రూపులో పెద్దాయన ఫోన్ చేశాడు. "తమ్మీ, ఎక్కడున్నవ్?" అబద్ధం చెప్పలేకపోయాను. తిట్టలేదు. "రేపటి సంగతి రేపు చూద్దాం. ఇయ్యాల ఒక్కరోజు ఇంటికి పో. నాతో మాట్లాడుకుంట నడువు." ఏం మాట్లాడామో గుర్తులేదు, ఇల్లు వచ్చేసింది.

2021లో నాన్న పోయినప్పుడు మళ్లీ తాగాను, తొమ్మిది రోజులు. ఇప్పటిదాకా అదే ఆఖరు. పదో రోజు డాక్టరుగారి దగ్గరికి, అట్నుంచి మీటింగ్‌కి వెళ్లాను. అప్పటికి హాల్లోనే కలుస్తున్నారు. ముఖం చూపించలేక వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. టీ పోస్తున్నతను అందరికీ నిండుగా పోసి, నా చేతుల వంక చూసి, నా కప్పులో మాత్రం సగమే పోశాడు, ఒలికిపోకుండా.