సుమంత్రుడు తిరిగివచ్చిన దారి

శ్రీరామనవమి మరునాడు హన్మకొండలో మా వీధి పందిరి విప్పుతారు. ముందురోజు కల్యాణంలో పోసిన తలంబ్రాల బియ్యం ఇంకా సిమెంటు పగుళ్లలో పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, పానకం కలిపిన డ్రమ్ముల చుట్టూ ఈగలు ముసురుతుంటాయి, పిల్లలు వెదురుగడల తాళ్లు విప్పుతూ ఒకరినొకరు కేకలేసుకుంటారు. ప్రతి ఏడూ ఆ రోజునే నేను అయోధ్యకాండ తెరుస్తాను, దానికి నాకు ఒక లెక్క ఉంది. దశరథుడు పట్టాభిషేకం తలపెట్టింది చైత్రమాసంలో. ఇవాళ చంద్రుడు పునర్వసులో ఉన్నాడు, రేపు పుష్యమి, రేపే ముహూర్తం అని రాముణ్ని పిలిచి చెప్పాడు. పునర్వసు రాముడి జన్మనక్షత్రం. చైత్రంలో చంద్రుడు ఆ నక్షత్రానికి చేరేది శుక్లపక్షపు అష్టమి నవముల దాపునే కాబట్టి, వాల్మీకి తిథి పేరు ఎత్తకపోయినా, రాముడు అయోధ్య విడిచింది పుట్టినరోజు దాటిన మరునాడే అయి ఉంటుందని నా నమ్మకం. భద్రాచలంలో నవమినాడు కల్యాణం చేసి మరునాడు పట్టాభిషేకం జరుపుతారు. టీవీలో ఆ వేడుక చూసినప్పుడల్లా, సరయూతీరంలో ఆగిపోయిన పుష్యమినాటి పట్టాభిషేకాన్నే మనవాళ్లు గోదావరి ఒడ్డున ఏటేటా పూర్తిచేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

సుందరకాండ పారాయణం చేసే ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి కానీ, 119 సర్గల అయోధ్యకాండను వరుసగా చదివేవాళ్లు నాకు తక్కువగానే కనిపించారు. చదివినవాళ్లు కూడా కైకేయి అడిగిన రెండు వరాల గురించి, దశరథుడి దుఃఖం గురించి, సీత పట్టుదల గురించి మాట్లాడతారు. వాల్మీకి ఆ ప్రయాణఘట్టంలో ఊర్మిళ పేరైనా తలవకపోతే, మన ఆడవాళ్లు ఊరుకోకుండా ఆమెకు పద్నాలుగేండ్ల నిద్ర ఇచ్చి పాట కట్టారు. సుమంత్రుడికి మాత్రం ఎవరూ పాట కట్టగా నేను వినలేదు. నేను ఆ కాండ తెరిచేది ఆయన కోసమే.

సుమంత్రుడు ఉత్త సారథి కాడు, దశరథుడి ఎనిమిదిమంది మంత్రులలో ఒకడు, అంతఃపురంలోకి అడ్డులేకుండా పోగలిగినంత చనువున్న పెద్దమనిషి. పట్టాభిషేకం నాటి ఉదయం రాజును మేల్కొలపడానికి లోపలికి వెళ్లిందీ, కైకేయి చెప్పగా రాముణ్ని రథం మీద తీసుకువచ్చిందీ ఆయనే. ఆ దారిలో జనం వీధులకు ఇరువైపులా నిలబడి, ఇంకాసేపట్లో రాజు కాబోయే మనిషిని కళ్లారా చూసుకుంటూ దీవించారు. సూర్యుడు వాలకముందే అదే జనం మధ్యనుంచి, అదే మనిషిని, ఆయనే ఊరు దాటించవలసి వచ్చింది.

35వ సర్గలో ఆయన కోపం చూడాలి. పళ్లు పటపట కొరుకుతూ, చేతులు పిసుక్కుంటూ, తల విదిలిస్తూ, రాజు ఎదుటనే కైకేయిని నిలదీస్తాడు. ఆమె తల్లి కథ ఎత్తుతాడు. కేకయరాజుకు జంతువుల భాష తెలిసే వరం ఉండేది, అది బయటపెడితే ప్రాణం పోతుంది. ఒకనాడు ఏదో పిట్ట కూత విని ఆయన నవ్వితే, ఎందుకు నవ్వావో చెప్పమని, చస్తే చచ్చావు కానీ చెప్పి తీరమని ఆమె పట్టుబట్టింది. కేకయుడు చెప్పలేదు, ఆమెనే వదిలేశాడు. ఒక సారథి మహారాణి ముఖం మీద పుట్టింటి గుట్టు విప్పడమంటే మాటలా? అయినా కైకేయి కదలలేదు, ఆమె ముఖం రంగైనా మారలేదని వాల్మీకి అంటాడు. అంతటి కోపం వృథా అయ్యాక ఆయన నోరు మూసుకుని రథం కట్టడానికి వెళ్లాడు. మేలుజాతి గుర్రాలు పూన్చి రాముణ్ని జనపదం అవతలికి చేర్చమన్నది రాజాజ్ఞ.

రథం మీదికి ఎక్కిన సామాను నాకు ఎప్పుడూ కళ్లకు కడుతుంది. సీత కోసం పద్నాలుగేండ్లకు సరిపడా లెక్కవేసి కోశాధికారి తెచ్చిన చీరలు, నగలు ఒకవైపు, అన్నదమ్ముల విల్లులు, కవచాలు ఒకవైపు, వాటి మధ్య రాముడు అడిగి తెప్పించుకున్న తవ్వుగోల, గంప. అడవిలో దుంపలు తవ్వుకుని తినాలి కదా. ఆ ఉదయమే తలమీద కిరీటం పెట్టించుకోవలసిన మనిషి అడిగి తెప్పించుకున్నవి కట్టుకోవడానికి నారచీరలు, ఆ రెండూను.

రథం కదిలాక వచ్చే 40వ సర్గను నేను మా బాపుకు చదివి వినిపించినన్ని సార్లు మరెవరికీ వినిపించలేదు. బాపు హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో జీపు నడిపేవాడు. మా చుట్టుపక్కల ఊళ్లనుంచి దుబాయి, మస్కట్ పోయే పిల్లలను విమానానికి చేర్చే కిరాయిలు ఆయనకు ఎక్కువగా వచ్చేవి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరవకముందు బేగంపేటకు, తరువాత శంషాబాద్‌కు, హన్మకొండ, జనగామ, భువనగిరి మీదుగా ఆ దారిలో ఆయన ఎన్ని తెల్లవారుజాములు గడిపాడో లెక్కలేదు. సకినాల డబ్బా, మూతికి గుడ్డ కట్టిన మామిడి తొక్కు సీసా, తాడుతో బిగించిన సూట్‌కేసు జీపు వెనక పెట్టేవారు. ఇంటిల్లిపాదీ, వాడకట్టు అంతా చెరువు కట్ట దాకా నడిచివచ్చేది. వెళ్లేవాడు "పోతున్న" అనకూడదు, "పోయొస్త" అనాలి. ఒకసారి ఒక తల్లి జీపు కడ్డీని విడవకుండా పట్టుకుని నడుస్తూ, "నిమ్మలంగ పోనియ్యన్నా, పిలగాని మొకం కానస్తలేదు" అన్నదట. లోపలి పిల్లవాడు తల వంచుకుని, "మామా, ఆపకు, పోనియ్యి" అన్నాడట.

సరయూ ఒడ్డున కూడా జనం అన్నది ఆ మాటే. పగ్గాలు బిగపట్టు సూతా, మెల్లమెల్లగా పోనీ, రాముడి ముఖం చూసుకుంటాం అని రథానికి పక్కన, వెనక వేలాడుతూ ఏడ్చారు. తాడు కట్టిన దూడ కోసం ఆవు పరుగెత్తినట్టు కౌసల్య రథం వెంట పరుగెత్తింది. వెనకనుంచి రాజు "తిష్ఠ, ఆగు" అని అరుస్తున్నాడు, ముందునుంచి రాముడు "యాహి యాహి, పోనీ పోనీ" అంటున్నాడు. సుమంత్రుడి మనసు రెండు చక్రాల మధ్య చిక్కినట్టయిందని వాల్మీకి ఒక్క ముక్కలో అంటాడు. రథం తోలేవాడి బాధకు ఉపమానం రథంలోనుంచే తీసుకున్నాడు, దానికి దండం పెట్టాలి. అప్పుడు రాముడు ఆయనకు ఒక అబద్ధం నేర్పాడు. రేపు రాజు నిన్ను ఎందుకు ఆపలేదని నిలదీస్తే, నాకు వినపడలేదని చెప్పు, దుఃఖాన్ని సాగదీయడం కంటే పాపం లేదు అన్నాడు. సత్యం కోసం రాజ్యం వదిలిన మనిషి నోట ఈ మాట వచ్చిందని విని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకైతే ఆ క్షణంలో రాముడి దయ అంతా ఆ ఒక్క మాటలోనే కనిపిస్తుంది. తండ్రి చూపు తన వెనక ఎంతదూరం సాగితే అంతగా చీలుతుందని ఆయనకు తెలుసు. తిరిగి రావాలని కోరుకునే మనిషి వెంట దూరం పోగూడదని మంత్రులు రాజును ఆపారు. దశరథుడు మాత్రం రథం లేపిన దుమ్ము కనిపించినంతసేపు నిలబడి చూసి, ఆ దుమ్మైనా కనిపించకుండా పోయాక కూలిపోయాడు.

తమసానది ఒడ్డున మొదటి రాత్రి. రాముడు నీళ్లు తాగి పడుకున్నాడు. సుమంత్రుడు గుర్రాలు విప్పి, నీళ్లు పెట్టి, మేత వేసి, ఆకులతో పడక అమర్చాడు, ఆపైన తెల్లవార్లూ లక్ష్మణుడితో కూర్చుని రాముడి గురించే మాట్లాడుకున్నాడు. వెంటవచ్చిన పౌరులు చెట్ల మొదళ్లలో ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటే, వీళ్లు లేచేలోగా పోవాలని రాముడు చెప్పి, రథాన్ని ముందు ఉత్తరంగా కొంతదూరం తోలి తిప్పుకురమ్మన్నాడు, చక్రాల జాడ చూసి జనం దారి తప్పాలని. లేచినవాళ్లు ఆ జాడ వెంట కొంత నడిచి, అది కనిపించకుండా పోయాక ఊరికి మళ్లారు.

వేదశ్రుతి, గోమతి, స్యందిక దాటి గంగ చేరాక, శృంగిబేరపురంలో గుహుడి సమక్షంలో సుమంత్రుడికి సెలవు ఇచ్చారు. నేనూ వస్తాను, మీరు లేని రథాన్ని ఈ గుర్రాలు ఎలా లాగుతాయి, ఊళ్లోవాళ్లకు ముఖం ఎలా చూపించను అని ఆయన బతిమాలుకున్నాడు. నువ్వు ఒక్కడివే తిరిగి పోతేనే, రాముడు నిజంగా అడవికి పోయాడని కైకేయి నమ్ముతుంది, మా తండ్రి మాట తప్పాడనే అనుమానం ఆమెకు రాదు అన్నాడు రాముడు. ఆ మాట విన్నాక ఇక ఏం బతిమాలాలి? ఖాళీ రథమే సాక్ష్యం. పడవ అవతలి ఒడ్డుకు పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. రాముడు వెళ్లాక గుర్రాలు కదలకుండా నిలబడి వేడి కన్నీళ్లు కార్చాయని తరువాత ఆయనే రాజుతో చెప్పుకున్నాడు.

మూడోనాటి సాయంత్రం అయోధ్యలోకి వచ్చాడు. రాముడేడీ రాముడేడీ అని జనం మూగారు. ఆయన ముఖం కప్పుకుని రాజవీధి నడుమ రథం తోలుకుపోయాడు. రాముడితో పోయి రాముడు లేకుండా వచ్చాడే, ఈ సూతుడు కౌసల్యకు ఏమని చెబుతాడో అని మేడల మీది ఆడవాళ్లు అనుకోవడం ఆయన చెవిన పడింది. ఏడు వాకిళ్లు దాటి లోపలికి పోయాడు. దశరథుడు రాజ్యం గురించి ఒక్క మాటా అడగలేదు. నా కొడుకు ఎక్కడ కూర్చున్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, అది చెప్పు సూతా అన్నాడు.

జీపు కడ్డీ పట్టుకుని నడిచిన ఆ తల్లి కూడా బాపు తిరిగివచ్చేసరికి చీకట్లో తన గద్దె మీద కూర్చుని ఉందట. "ఏమన్న తిన్నడా అన్నా? బండ్ల పండిండా? పోయేటప్పుడు ఏమన్నడు?" అని అడిగింది. జనగామలో రెండు ఇడ్లీలు తిన్నాడని, భువనగిరి దాకా కునుకు తీశాడని బాపు చెప్పాడు. "లోపలికి పోయేముందు ఏందో అన్నడమ్మా, యాదికొస్తలేదు" అని ఆగి, "నవ్వుకుంటనే పోయిండు" అన్నాడు. నేనప్పుడు చిన్నపిల్లను, బాపు చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

60వ సర్గలో కౌసల్య, రాముడు, సీత, లక్ష్మణుడు ఉన్నచోటికే తననూ తీసుకుపొమ్మని సుమంత్రుణ్ని అడుగుతుంది. సీత అడవిలో చిన్నపిల్లలా ఆడుకుంటోంది, ఇంట్లో ఉన్నట్టే నిర్భయంగా ఉంది, దారిలో కనిపించిన ఊళ్ల పేర్లు, నదుల పేర్లు, చెట్ల పేర్లు అడిగి తెలుసుకుంటోంది అని సుమంత్రుడు చెబుతాడు. చెబుతూ చెబుతూ, కైకేయిని గురించి ఆమె ఒక మాట అన్నది, అది ఇప్పుడు నాకు గుర్తుకు రావడం లేదు అంటాడు. పొరపాటున నోటిదాకా వచ్చిన ఆ మాటను అణచివేసుకుని, రాణికి హాయి కలిగించే తీయని మాటలు చెప్పాడని వాల్మీకి మనకు మాత్రం చెప్పి ఊరుకుంటాడు. సీత ఏమన్నదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వినపడలేదన్న అబద్ధం రాముడు నేర్పింది, గుర్తులేదన్నది మాత్రం సుమంత్రుడి సొంతం.

ఈ ఏడు నవమి మరునాడు, కింద పందిరి గడలు దించుతున్న చప్పుడు వినిపిస్తుండగా, ఆ శ్లోకం బాపుకు చదివి అర్థం చెప్పాను. ఆయన ఇప్పుడు బండి నడపడం మానేశాడు, చూపు కొంచెం తగ్గింది. ఆ పిల్లవాడు ఆనాడు లోపలికి పోయేముందు ఏమన్నాడని అడిగాను. బాపు కిటికీ వైపు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.

"యాదికి లేదు బిడ్డా" అన్నాడు. కొంతసేపటికి, "ఆ శ్లోకం ఇంకోపాలి సదువు" అన్నాడు. చదివాను.